కోచ్ కావాలంటే బూట్లు విప్పేదాకా ఆగనక్కరలేదు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా అబ్బాయికి 21 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, డిఫెండర్. యూనివర్సిటీ జట్టు తరఫున సౌత్ జోన్ పోటీలకు వెళ్లివచ్చాడు. ఎనిమిది నెలల క్రితం మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయింది. మళ్లీ ఆడతానంటాడు, ఆడలేకపోతే కోచ్‌నవుతానంటాడు. వాళ్ల నాన్న ఎస్సై పరీక్షకు చదవమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. కోచ్ పని మనిషికి అన్నం పెడుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, "ఆడలేకపోతే కోచ్‌నవుతాను" అన్న మాటలోంచి "ఆడలేకపోతే" అనే ముక్కను తీసేయమని ముందుగా మీ అబ్బాయికి చెప్పండి. ఆడటం ఒక విద్య, ఆడించడం ఇంకొక విద్య. మొదటిది ఆగిపోయిన రోజున రెండోది దానంతట అదే వచ్చి ఒళ్లో వాలదు. నా దగ్గరకు వచ్చే ఆటగాళ్లలో ఎక్కువమంది ముప్పై దాటాక, క్లబ్బు ఇక ఒప్పందం రాయనన్నాక కోచింగ్ గురించి అడుగుతారు. అప్పటికే ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మీద పడి ఉంటాయి. కుదురుగా కూర్చుని నేర్చుకునే తీరిక ఉండదు. మీవాడికి ఇరవై ఒకటే. ఆలోచన ఇప్పుడే వచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది.

2025 ఆగస్టులో భారత జట్టు హెడ్ కోచ్‌గా నియమితులైన ఖాలిద్ జమీల్ గారి దారి చూడండి. ఆయన మిడ్‌ఫీల్డర్. మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా జట్లకు ఆడారు. గాయాలు ఆయన ఆటను బాగా తగ్గించేశాయి. 2009లో, 32 ఏళ్ల వయసులో, ముంబై ఎఫ్‌సీ కోచ్ అయ్యారు. పేరు గొప్ప జట్టు కాదది. తక్కువ డబ్బుతో నెట్టుకొచ్చే ఆ జట్టును అప్పటి దేశ ప్రధాన లీగైన ఐ-లీగ్‌లో నిలబెట్టడంతోనే ఏడేళ్లు గడిచాయి. తర్వాత మిజోరం వెళ్లి ఐజాల్ ఎఫ్‌సీ బాధ్యత తీసుకున్నారు. అంతకుముందు సీజన్లో లీగ్ నుంచి జారిపోయి, మళ్లీ చోటు దొరికించుకున్న జట్టది. 2016-17లో అదే జట్టు ఐ-లీగ్ విజేత అయింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఆ ఘనత సాధించిన మొదటి క్లబ్బు అదే. ఆ పైన నార్త్ఈస్ట్ యునైటెడ్, జంషెడ్‌పూర్. భారత జట్టు పిలుపు వచ్చేసరికి కోచ్‌గా పదహారేళ్లు నడిచి ఉన్నారు. వచ్చిన కొద్ది వారాలకే, సెప్టెంబరులో, మధ్య ఆసియా దేశాల టోర్నీలో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చారు. అక్టోబరులో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోయింది. నెల తిరిగేసరికి పొగడ్త, నింద రెండూ మోయవలసిన ఉద్యోగమిది. ఈ సంగతి మీవాడికి దాచకుండా చెప్పండి.

ఇక మన హైదరాబాద్ సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే కోచ్ అంటే ఎవరో నాకు అర్థమైంది సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం చదివాకే. ఆయన బడిపంతులు. ఉస్మానియాలో చదివి, ఫుట్‌బాల్ ఆడి, పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టుకు ఆయనే కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఈ పతకాలకంటే ఆయన నేర్పిన పద్ధతులు నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతిని దగ్గర పెట్టుకుని సోకులు పోవడం కుదరదు కాబట్టి పాస్ ఇవ్వడం తప్పనిసరిగా అలవడేది. వాటం లేని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టేవారు. పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి, అది వచ్చేదాకా ఆటనే పాఠంగా మలచడం బడిపంతులు చేసే పని.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జరిగినది మీవాడికి ప్రత్యేకంగా చెప్పండి, అతను డిఫెండర్ కదా. జర్నైల్ సింగ్ మన జట్టుకు పెట్టనికోట లాంటి డిఫెండర్. తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయనను పక్కన కూర్చోబెట్టకుండా ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ జర్నైల్ గోల్ కొట్టారు. గ్రూప్ దశలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా మీదే 2-1తో స్వర్ణం వచ్చింది. గాయపడిన మనిషిలో ఇంకా ఏం మిగిలి ఉందో చూడగలిగిన కన్ను అది. మీ అబ్బాయికి ఈ రోజు తన మోకాలిని అలాంటి కన్నుతో చూసేవారు కావాలి.

ఆడి కోచ్ అయిన డిఫెండర్ కూడా మనకు ఉన్నారు. హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తర్వాత భారత జట్టుకూ కోల్‌కతా పెద్ద క్లబ్బులకూ కోచ్‌గా పనిచేసి 1990లో కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. వెనక నిలబడి మైదానమంతా చూస్తూ, ముందున్నవాళ్లకు కేకలు వేసి సర్దడం డిఫెండర్‌కు రోజూ ఉండే పనే. కోచింగ్‌కు అది మంచి పునాది.

ఇప్పుడు చేయవలసినవి. ముందు మోకాలు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత తిరిగి పోటీల్లో దిగడానికి తొమ్మిది నెలలు కనీసం, తరచు అంతకంటే ఎక్కువే పడుతుంది. ఫిజియోథెరపిస్టు సరేననేదాకా బంతి కోసం కలబడవద్దని గట్టిగా చెప్పండి. వాళ్ల నాన్నగారు కూడా గమనించవలసిన విషయం ఒకటుంది. ఎస్సై ఎంపికలో 1600 మీటర్ల పరుగు, దానితో పాటు 100 మీటర్ల పరుగో లాంగ్ జంపో ఉంటాయి. వ్యాయామ ఉపాధ్యాయులు కావడానికి చదివే బీపీఈడీ కోర్సులో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లోనూ పరుగు, షాట్‌పుట్ వంటి పరీక్షలతో పాటు ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటుంది. అంటే తండ్రి చెప్పే దారీ కొడుకు కోరే దారీ రెండూ ఆ ఒక్క మోకాలి మీదుగానే వెళుతున్నాయి. ఈ మూడు నాలుగు నెలలు ఇంట్లో వాదన పక్కన పెట్టి, వ్యాయామాలు సక్రమంగా చేస్తున్నాడా లేదా అని మాత్రం చూడండి.

కోచింగ్ లైసెన్సులు మెట్లు మెట్లుగా ఉంటాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ద్వారా డి నుంచి మొదలై సి, బి, ఎ, చివరకు ప్రో. ఒక మెట్టు దాటగానే తర్వాతి దానికి వెళ్లలేరు, మధ్యలో నిజంగా జట్లకు శిక్షణ ఇస్తూ కొంతకాలం పనిచేసి చూపించాలి. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టుకు హెడ్ కోచ్ కావాలంటే ప్రో లైసెన్సు అడుగుతారు. అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇరవై ఒకటిలో మొదటి మెట్టు ఎక్కినవాడికీ ముప్పై మూడులో ఎక్కినవాడికీ అంత తేడా. కోర్సుల తేదీలు, ఫీజులు సమాఖ్య ప్రకటనల్లోనే చూసుకోమనండి, మధ్యవర్తుల చేతికి డబ్బు ఇవ్వవద్దు.

లైసెన్సు ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. నేను మీవాడికి గట్టిగా సిఫారసు చేసేది బీపీఈడీ. డిగ్రీ తర్వాత రెండేళ్లు. అది ఉంటే డీఎస్సీలో వ్యాయామ విద్య పోస్టులకు పోటీ పడవచ్చు, ప్రైవేటు పాఠశాలల్లోనూ చోటు దొరుకుతుంది. బడిలో పని, సాయంత్రాలు జట్టు, వేసవిలో లైసెన్సు కోర్సు. రహీం గారి దారి కూడా ఇంచుమించు ఇదే కదా. స్పోర్ట్స్ అథారిటీల్లో కోచ్ పోస్టుల మీద మనసుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు. యూనివర్సిటీ జట్టుకు ఆడిన సర్టిఫికెట్లు భద్రంగా దాచండి. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినట్టు ఫారం-3 కావాలి, దాని మీద యూనివర్సిటీ క్రీడా విభాగం డైరెక్టర్ లేదా డీన్ సంతకం ఉండాలి. చదువు పూర్తయి ఊరు వచ్చేశాక ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం. ఈ నెలలోనే తెచ్చుకోమనండి.

మీరు అడిగిన అన్నం సంగతికి సూటిగా చెబుతాను. మొదటి మూడు నాలుగేళ్లు అకాడమీల్లో వచ్చేది చాలీచాలని జీతమే. సీజన్‌కో ఒప్పందం, ఓడితే ఉద్వాసన. పై స్థాయిలోనూ పూచీ లేదు. 2025లో లీగ్ నిర్వహణ ఒప్పందం తేలక ఐఎస్ఎల్ సీజన్ ఆగిపోతే, కొన్ని క్లబ్బులు జీతాలే నిలిపేశాయి. కాబట్టి బడి ఉద్యోగమో, క్రీడా కోటా ఉద్యోగమో ఒక ఆధారం ఉండాలని వాళ్ల నాన్నగారు పట్టుబట్టడం న్యాయమే. అది ఎస్సై ఉద్యోగమే కానక్కరలేదని మాత్రం నేను ఆయనకు విన్నవిస్తాను.

మోకాలు నయమయ్యేలోపు మీవాడు ఖాళీగా ఉండనక్కరలేదు. నేర్పడానికి పరుగెత్తవలసిన పని లేదు. మీ ఊరి బడిలో పదేళ్లలోపు పిల్లలను పదిహేను మందిని పోగుచేసి, ఆదివారం పొద్దున గంటసేపు ఆడించమనండి. ఒక విజిల్, నాలుగు బంతులు, గుర్తులు పెట్టడానికి ఇటుకలు చాలు. మీ జిల్లాలోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్ ఉంది. పల్లె పిల్లలకు అక్కడ ఎలా నేర్పుతున్నారో అనుమతి అడిగి నాలుగు రోజులు గట్టున కూర్చుని చూసి రమ్మనండి. ప్రతి ఆదివారానికీ నోటుబుక్కులో ఒక పేజీ: ఈ రోజు ఏం నేర్పాలనుకున్నాడు, పిల్లలు ఏం నేర్చుకున్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరు రాలేదు. ఒక ఆదివారం వాళ్ల నాన్నగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. మైదానం అంచున నిలబడి చూడమనండి, అంతే, ఏమీ అడగవద్దు. మూడు నెలల తర్వాత ఆ పదిహేను మందిలో ఎందరు ఇంకా వస్తున్నారో లెక్క రాయించి, ఆ నోటుబుక్కు తీసుకుని మీరు ముగ్గురూ నా దగ్గరకు రండి.