ఇంట్రాన్ దగ్గర తొందరపడకు

అమ్మలూ,

జూన్ నుంచి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. జన్యువు నుంచి ప్రొటీన్ ఎలా తయారవుతుందన్న పాఠం ఎలా చెబుతావోనని బెంగ కూడా పట్టుకుంది.

డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారయ్యేది కేంద్రకంలో, దాన్ని చదివి ప్రొటీన్ కట్టేది బయట రైబోజోమ్. దానికి బొమ్మ వేస్తే చాలు. ఆర్ఎన్ఏలో ప్రొటీన్‌కి సూచనలిచ్చే మూడేసి అక్షరాల గుర్తులు, అవే కోడాన్లు, వాటి పట్టిక బట్టీ పట్టించకు. ఏయూజీతో మొదలు, యూఏఏ, యూఏజీ, యూజీఏ దగ్గర ఆగడం తెలిస్తే మిగతాది చూసుకుంటారు. ఖొరానా గారి పేరు మాత్రం చెప్పు. 1968లో ఆయనకు నోబెల్ వచ్చింది ఈ పనికేనంటే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

నా భయమంతా ఇంట్రాన్ల దగ్గరే, అంటే జన్యువు మధ్యలో ఉండి, ఆర్ఎన్ఏ నుంచి కత్తిరింపులో పోయే భాగాల దగ్గర. 1977లో అవి బయటపడ్డాక, "పనికిరాని భాగాలు, కణం కత్తిరించి పారేస్తుంది" అని గైడ్లు ఒక్క ముక్కతో సరిపెట్టాయి. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకున్నారు. అలా చదివిన నా స్టూడెంటే ఒకమ్మాయి, పెళ్ళయి బిడ్డ పుట్టాక, బిడ్డకు తలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనత ఉందన్న రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చింది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేయించే బీటా గ్లోబిన్ జన్యువు, మొదటి ఇంట్రాన్, ఐదో అక్షరం: జీ ఉండాల్సిన చోట సీ. "ఎలాగూ తీసి పారేసేదే కదా మేడమ్, మరి మా బాబుకెందుకిలా?" అంది. మన దేశంలో బీటా తలసీమియా రోగుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మార్పు అదే.

నువ్వు బోర్డు మీద ఆ ఇంట్రాన్ మొదలు రాయి: జీటీటీజీజీటీ. ఐదో అక్షరం తుడిచి సీ పెట్టు. ఎక్కడ కత్తిరించాలో కణం గుర్తుపట్టేది ఆ అక్షరాలను బట్టే. అవి చెదిరితే చాలాసార్లు పక్కన తప్పు చోట తెగుతుంది, ఆర్ఎన్ఏ తప్పుగా అతుక్కుంటుంది, సరైన బీటా గొలుసు కొద్దిగానే తయారవుతుంది. సికిల్ సెల్ అనే మరో రక్త జబ్బులో జీఏజీ కాస్తా జీటీజీ అయి గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుందని గైడ్లోనే ఉంటుంది. ఇక్కడ ఏ కోడానూ మారలేదు, అయినా బిడ్డకు రక్తం ఎక్కించక తప్పడం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు, పీరియడ్ అయిపోయినా సరే.

ఆ అమ్మాయిని అత్తింటివాళ్ళు "నీ రక్తంలోనే ఉంది" అని దెప్పేవారట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే ఆ జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే చెడినవాళ్ళు క్యారియర్లు; అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఇది వదిలెయ్యకు తల్లీ. నీ ముందు కూర్చునే ఆడపిల్లల్లో కొందరికి డిగ్రీ కాకుండానే పెళ్ళిళ్ళయిపోతాయి. క్యారియరో కాదో తెలుసుకోడానికి పెళ్ళికి ముందే హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించుకోవచ్చని వాళ్ళకీ, మగపిల్లలకీ కలిపే చెప్పు.

గొంతు చించుకోకు, చిన్నప్పటి నుంచీ నీది ఇట్టే బొంగురుపోయే గొంతు. నోట్సు రాశాక ఫోటో తీసి పంపు, ఎంత రాత్రయినా చూస్తాను.

మీ అత్త