ప్రచురణకర్తకు రచయితే డబ్బు కట్టాలా?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూనే నా మొదటి నవల పూర్తిచేశాను. చాలామంది ప్రచురణకర్తలకు పంపితే ఇంతవరకు జవాబు లేదు. ఒక సంస్థ మాత్రం వారం తిరక్కుండానే 'మీ నవల ఎంపికైంది' అంటూ ఒప్పందం పంపింది. ఎడిటింగ్, ముఖచిత్రం, ముద్రణ, ప్రచారం ఖర్చుల్లో నా వాటా నేను కట్టాలట. పుస్తకం వెలతో లెక్కేస్తే అది 3,000 కాపీల ధర. ఆరు నెలల ఖర్చులకని దాచుకున్న అత్యవసర నిధి దాదాపు అంతే ఉంది. మిగతావాళ్లు 10 శాతం రాయల్టీ ఇస్తుంటే తాము 50 శాతం ఇస్తామంటున్నారు. పది రోజుల్లో సంతకం చేయాలట. కట్టవచ్చా? పుస్తకం వచ్చాక ఉద్యోగం మానేసి రాసుకుంటూ ఉండాలని కూడా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: ఉద్యోగం చేస్తూ నవల పూర్తిచేయడం చిన్న విషయం కాదమ్మా, ముందుగా అభినందనలు. ఆ డబ్బు మాత్రం కట్టకండి. ఎందుకో వాళ్లిచ్చిన అంకెలతోనే చూద్దాం.

రాయల్టీ ఎంత శాతం అన్నదానికంటే ముందు, అది దేని మీద లెక్కగడతారో చూడాలి. మామూలుగా వినే 10 శాతం చాలాచోట్ల పుస్తకం మీద అచ్చేసిన వెల మీద ఉంటుంది. మీకొచ్చిన ఒప్పందంలో రాయల్టీ క్లాజు తీసి చదవండి. 50 శాతం పక్కన 'నికర రాబడి మీద' అని ఉండే అవకాశమే ఎక్కువ. పుస్తకం వెల 100 అనుకుందాం. దుకాణదారు, పంపిణీదారు కలిసి 55 తీసుకుంటే మిగిలేది 45. ముద్రణ ఖర్చు 25 తీసేస్తే 20. అందులో సగం, అంటే మీ చేతికి వచ్చేది 10. అవతల వెల మీద 10 శాతం ఇచ్చే ప్రచురణకర్త దగ్గర వచ్చేదీ ఆ 10నే. తేడా ఒక్కటే, అక్కడ మీరు పైసా పెట్టుబడి పెట్టరు.

ఇప్పుడు పెట్టుబడి ఎప్పటికి వెనక్కి వస్తుందో చూడండి. మీరు కట్టేది 3,000 కాపీల వెల. ఒక్కో కాపీకి మీకొచ్చేది వెలలో పదో వంతు. అంటే 30,000 కాపీలు అమ్ముడైతే మీ అసలు మీకు తిరిగొస్తుంది. లాభం ఆ తర్వాతి కాపీ నుంచే మొదలవుతుంది. మొదటి నవల అన్ని వేల కాపీలు అమ్ముడుపోవడం ఎక్కడైనా అరుదే. నేను వేసుకున్న 55, 25 అంకెల బదులు మీ ఒప్పందంలో ఉన్నవి పెట్టి చూసుకోండి. ఫలితం కొంచెం అటూ ఇటూ అవుతుంది తప్ప తలకిందులు కాదు.

ఒక్క కాపీ కూడా అమ్ముడుపోకపోతే ఎవరు నష్టపోతారన్నది నేను చూసే రెండో విషయం. సంప్రదాయ ప్రచురణకర్త ఎడిటరుకు, ముద్రణకు, కాగితానికి తన డబ్బు పెడతాడు కాబట్టి పుస్తకం అమ్ముకోవడం అతనికి అవసరం. మీకు ఉత్తరం రాసిన సంస్థకు లాభం మీరు సంతకం చేసిన రోజే వచ్చేస్తుంది, ఆ తర్వాత అమ్మే అవసరం దానికి లేదు. అమెరికన్ రచయిత జేమ్స్ డి. మెక్‌డొనాల్డ్ ఈ సంగతినే 'యోగ్ సూత్రం' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు: డబ్బు రచయిత వైపు రావాలి, రచయిత దగ్గర నుంచి పోకూడదు. బ్రిటన్‌లో రచయితల సంఘాలైన సొసైటీ ఆఫ్ ఆథర్స్, రైటర్స్ గిల్డ్ కలిసి 2022లో ఒక నివేదిక వెలువరించాయి. డబ్బు కట్టి ప్రచురించుకున్న రచయితలను అడిగితే, జవాబిచ్చిన వారిలో 94 శాతం మంది నష్టపోయామని చెప్పారు. మీ అత్యవసర నిధిని ఆ పందెంలో పెట్టమని నేను చెప్పలేను. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగోకపోయినా అప్పు చేయకుండా నెట్టుకురావడానికి ఉన్న డబ్బు అది.

మిగతావాళ్ల మౌనాన్ని తిరస్కారం అనుకోకండి. రాతప్రతి చదివి జవాబివ్వడానికి నెలలు పట్టడం ఈ రంగంలో మామూలే. వారంలో 'ఎంపికైంది' అనడం, పది రోజులు గడువు పెట్టడమే మామూలు కాదు.

ఇక సంప్రదాయ పద్ధతిలో డబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తే మీ ప్రణాళిక మీరే వేసుకోగలుగుతారు. కొందరు ప్రచురణకర్తలు అడ్వాన్సు ఇస్తారు, చిన్న సంస్థలు చాలావరకు ఇవ్వవు. అడ్వాన్సు అంటే రాబోయే రాయల్టీని ముందే ఇవ్వడం. పుస్తకం అమ్మకాల మీద మీ వాటా ఆ మొత్తాన్ని దాటేదాకా ఇంకేమీ రాదు. అంత అమ్మకం లేకపోయినా, మీరు రాతప్రతి ఇచ్చి మాట నిలబెట్టుకుంటే, సాధారణంగా వెనక్కి అడగరు. అదీ ఒకేసారి చేతిలో పెట్టరు. సంతకానికి కొంత, పూర్తి రాతప్రతి ఆమోదించాక కొంత, పుస్తకం విడుదలకు కొంత ఇస్తారు. సంతకం నుంచి విడుదలకు ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. మీ తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడి ఒప్పందం కుదిర్చే ఏజెంటు ఉంటే అందులో 15 శాతం వాళ్లది, విదేశీ హక్కులైతే 20 శాతం దాకా ఉంటుంది. ఆ కమీషన్ మీకు డబ్బొచ్చాకే తీసుకోవాలి. చదివేందుకు ఫీజు అడిగే ఏజెంటు దగ్గర ఆగిపోండి.

విడుదలయ్యాక రాయల్టీ స్టేట్‌మెంటు, అంటే అమ్మకాలు, మీ వాటా చూపే లెక్కల పత్రం, చాలాచోట్ల ఆరు నెలలకోసారి వస్తుంది. దుకాణాలు అమ్ముడుపోని పుస్తకాలు తిప్పి పంపే వీలుంటుంది కాబట్టి, వాటికోసమని ప్రచురణకర్త మీ రాయల్టీలో కొంత ఆపి ఉంచుతాడు. మొదటి స్టేట్‌మెంటులో కనిపించిన అమ్మకాలు రెండో దాంట్లో తగ్గితే కంగారు పడకండి, చాలాసార్లు కారణం ఈ తిరుగు కాపీలే. అయితే ఎంత శాతం ఆపుతారు, ఎన్నాళ్లకు విడుదల చేస్తారు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. వచ్చిన ప్రతి రాయల్టీ, అడ్వాన్సు పన్ను పడే ఆదాయమే కనుక, వచ్చిన రోజే ఒక భాగం విడిగా పెట్టేయండి.

హక్కుల క్లాజు నా దృష్టిలో రాయల్టీ శాతం కంటే విలువైనది, కొత్త రచయితలు ఎక్కువగా వదిలేసేదీ దాన్నే. మీ రచన మీద కాపీరైటు మీరు రాసిన క్షణం నుంచే మీది. కాపీరైటు మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలో (1886) ఉన్న దేశాలన్నిటిలో అందుకు నమోదు అవసరం లేదు. కొన్నిచోట్ల నమోదు చేయించుకుంటే కోర్టులో కొంత వెసులుబాటు ఉంటుంది, అంతే. 'కాపీరైటు ఇప్పిస్తాం' అంటూ ప్యాకేజీలో వేసిన ఖర్చు గురించి నిలదీసి అడగండి. ప్రచురణకర్తకు మీరిచ్చేది వాడుకునే అనుమతి. ఏ భాషకు, ఏ రూపానికి, ఏ దేశాలకు, ఎన్నేళ్లకు అన్నది స్పష్టంగా ఉండాలి. 'అన్ని రూపాలు, అన్ని భాషలు, కాపీరైటు ఉన్నంతకాలం' అని రాసుంటే మీ తర్వాత కనీసం మరో 50 ఏళ్లు, చాలా దేశాల్లో అంతకంటే ఎక్కువే, ఆడియో, అనువాదం, సినిమా అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. పుస్తకం అమ్మకంలో లేకపోతే హక్కులు తిరిగి ఇవ్వాలన్న క్లాజు అడగండి. ఈబుక్ ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది కాబట్టి 'అమ్మకంలో లేకపోతే' అన్న మాట ఒక్కటే చాలదు, 'ఏడాదిలో ఇన్ని కాపీల కంటే తక్కువ పోతే' అని అంకె వేయించండి.

స్వయంగా ప్రచురించుకోవడం తప్పు కాదు, గౌరవమైన దారే. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో కాపీ ముద్రించే పద్ధతి ఉంది కనుక వేల కాపీలు అచ్చేసి ఇంట్లో నిల్వపెట్టుకునే పనిలేదు. అమెజాన్ కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్‌లో ఈబుక్కు, ధరనూ షరతులనూ బట్టి, 70 లేదా 35 శాతం రాయల్టీ ఉంటుంది, పుస్తకం చేర్చడానికి ఫీజు లేదు. ఆ దారిలో డబ్బు పెట్టాల్సింది ముఖ్యంగా మంచి ఎడిటరుకు, ఆ తర్వాత ముఖచిత్రానికి. ఎడిటింగును మీరే విడిగా మాట్లాడుకోండి, ఒక అధ్యాయం నమూనాగా దిద్దించి చూసి ఆపైన ఒప్పుకోండి. ఈ ఖర్చు అత్యవసర నిధిలోంచి కాకుండా నెలనెలా జీతంలో మిగిలేదానిలోంచి ఏడాదిపాటు పక్కన పెట్టండి. ప్రచురణకర్తల జవాబుల కోసం మీరు ఎలాగూ ఎదురుచూసే కాలమే అది. ఎవరైనా తీసుకుంటే ఆ డబ్బు మీకు మిగిలినట్టే.

ఉద్యోగం సంగతి. బ్రిటన్‌లో రచననే ప్రధాన వృత్తిగా పెట్టుకున్నవారికి రచన మీద వచ్చే మధ్యస్థ వార్షికాదాయం (సగం మందికి అంతకంటే తక్కువే వస్తుంది) 2006లో 12,330 పౌండ్లుంటే, 2022 సర్వేకు 7,000 పౌండ్లకు పడిపోయింది. పుస్తకాల మార్కెట్ అంత పెద్దదైన దేశంలోనే పరిస్థితి ఇది. జీతం ఆగితే వచ్చే ఒత్తిడి తిరిగి మీ రాత మీదే పడుతుందన్నది నా భయం. రోజులో రాసుకునే సమయం ఇంకొంత కావాలంటే పని గంటలు తగ్గించుకునే వీలుందేమో ముందు అడిగి చూడండి. పూర్తిగా మానే ఆలోచన, పుస్తకం విడుదలై రెండు మూడు రాయల్టీ స్టేట్‌మెంట్లు చేతికొచ్చేదాకా వాయిదా వేయండి. అవి రాగానే మీ నెలవారీ ఖర్చుల వివరంతో కలిపి పంపండి, అప్పుడు అసలు అంకెలతో లెక్క వేద్దాం.