లోడ్ అవ్వట్లేదా, లోడ్ చేయట్లేదా?

సందేహం: మా అమ్మాయి హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్. ఫోన్లో "బ్యాకెండ్ వాళ్ళు డిప్లాయ్ చేయలేదు, అందుకే పేజీ లోడ్ అవ్వట్లేదు" అంటూ ఉంటుంది. ఇంగ్లీషు మాటకి చేయడం, అవ్వడం తగిలించేస్తే తెలుగైపోతుందా అండీ?

సమాధానం: అవుతుందండీ. బయటి క్రియల్ని కలుపుకోడానికి మనకి ఎప్పట్నుంచో దారులున్నాయి, ఉర్దూ హిందీల నుంచి వచ్చినవాటిని దబాయించడం, చలాయించడం, పార్టీ ఫిరాయించడం అని మార్చుకున్నాం, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి ఫోన్ చేయడం, పాస్ అవ్వడం అన్నాం.

మీ అమ్మాయి వాక్యంలో నాకు బాగా నచ్చింది చేయడానికీ అవ్వడానికీ పాటించిన తేడా. చేయలేదు అంటే చేయాల్సిన మనిషి ఉన్నాడు, అవ్వట్లేదు అంటే జరగని సంగతి మాత్రమే చెప్తున్నాం. వాళ్ళ పనికి ఈ తేడా చాలా ముఖ్యం. ఫ్రంటెండ్ వాళ్ళది మన కంటికి కనపడే భాగం, హెచ్‌టీఎంఎల్‌తో పేజీ కట్టడం, సీఎస్ఎస్‌తో రంగులూ అమరికా, జావాస్క్రిప్ట్‌తో బటన్ నొక్కితే జరగాల్సిన పని. బ్యాకెండ్ వాళ్ళు సర్వర్ వైపు, అంటే వెనకనుంచి సైటుని నడిపించే కంప్యూటర్ వైపు ఉంటారు, లాగిన్ సరిచూడటం, డేటాబేస్‌లోంచి వివరాలు తీసివ్వడం వాళ్ళ పని. 1995లో బ్రౌజర్ కోసం పుట్టిన జావాస్క్రిప్ట్, 2009లో నోడ్ జేఎస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక సర్వర్ల మీద కూడా విరివిగా నడుస్తోంది కాబట్టి ఒకే భాషతో రెండువైపులా చేసే ఫుల్ స్టాక్ వాళ్ళూ పెరిగారు. రాసిన కోడ్‌ని అసలు సర్వర్ మీదకి ఎక్కించడమే డిప్లాయ్ చేయడం, చాలా చోట్ల దానికి డెవాప్స్ వాళ్ళు విడిగా ఉంటారు. ఇన్ని చేతులు మారే పనిలో "అయింది, చేశాం, చేయించాం" అని మూడు రకాలుగా చెప్పగలిగితే ఎవరి పని ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది. మనం కూడా రైలు టికెట్ దగ్గర "డబ్బు కట్ అయింది, టికెట్ బుక్ అవ్వలేదు" అంటాం కదా, అక్కడ ఎవరు చేశారో మనకి తెలీదు కాబట్టి అవ్వడమే సరైన మాట.

నాకు నిజంగా బాధ కలిగేది వేరే ఉంది. తెలుగు సైట్లలో "మీ దరఖాస్తు విజయవంతంగా సమర్పించబడింది" అని కనపడుతుంది చూడండి, అందులో ఒక్క ఇంగ్లీషు మాటా లేదు, కానీ మన ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడరు. "మీ దరఖాస్తు అందింది" అంటే చాలు, ఫోన్ స్క్రీన్ మీద చోటు కూడా కలిసొస్తుంది. మీ అమ్మాయి ఫ్రంటెండ్‌లో ఉంటే, తెలుగు మెసేజ్‌లు పెట్టేటప్పుడు ఈ బడింది, బడును లాంటివి తీసేయమని నా మాటగా చెప్పండి.