కంప్యూటర్ సందేహాలు: ఫార్ములా చెరిగిపోకుండా ఎక్సెల్ సెల్స్‌కు రక్షణ

ప్రశ్న: మా ఊరి పాల సేకరణ కేంద్రంలో లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే రాస్తాం. ఉదయం పూట ఒకరు, సాయంత్రం పూట మరొకరు లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు) నమోదు చేస్తారు. ధర, మొత్తం ఫార్ములాతో వస్తాయి. పోయిన బిల్లులో ఒక రైతుకు తక్కువ డబ్బు పడింది. వెతికితే, మొత్తం ఉండవలసిన సెల్‌లో ఫార్ములా పోయి, ఎవరో చేత్తో కొట్టిన అంకె కనిపించింది. ఆ నిలువు వరుస ఒక్కదాన్నీ కాపాడదామని ప్రొటెక్ట్ షీట్ నొక్కితే లీటర్లు రాసే చోటు కూడా మూసుకుపోయింది. ఏం చేయాలి?

జవాబు: ఎక్సెల్‌లో కొత్త షీట్ తెరిచినప్పుడే ప్రతి సెల్‌కూ ‘లాక్డ్’ అనే గుర్తు పెట్టి ఉంటుంది. షీట్‌ను ప్రొటెక్ట్ చేసేదాకా దానికి ప్రభావం లేదు కాబట్టి అది ఉన్న సంగతే మనకు తెలియదు. ప్రొటెక్ట్ చేయగానే అన్నీ ఒక్కసారిగా మూసుకుపోతాయి. అందువల్ల తెరిచి ఉంచవలసిన సెల్స్ ఏవో ముందు తేల్చుకోవాలి.

మీ షీట్‌లో తేదీ, పూట, సభ్యుని నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ రాసే సెల్స్‌ను ఎంచుకొని, కంట్రోల్‌తో పాటు 1 నొక్కండి. వచ్చిన పెట్టెలో ప్రొటెక్షన్ అనే చోట ‘లాక్డ్’ పక్కనున్న టిక్కు తీసేయండి. ఆ తరువాతే రివ్యూ ట్యాబ్‌లో ప్రొటెక్ట్ షీట్ నొక్కాలి. అక్కడ ‘సెలెక్ట్ లాక్డ్ సెల్స్’ టిక్కు కూడా తీసేస్తే, నమోదు చేసేవారు ఫార్ములా సెల్ మీదికి వెళ్లనే లేరు. ట్యాబ్ మీట నొక్కిన ప్రతిసారీ తరువాతి తెరిచిన సెల్‌కే చేరుకుంటారు. పాలు పోసేవారు వరుసలో నిలబడి ఉండే వేళ ఇది చేతికి ఎంతో సాయం.

ప్రొటెక్ట్ చేసిన షీట్‌లో ఎక్సెల్ టేబుల్ తనంతట తాను కొత్త అడ్డవరుసలను కలుపుకోదు కాబట్టి, బిల్లు కాలానికి సరిపడా వరుసలను ముందే ఫార్ములాతో నింపి పెట్టుకోవాలి. 60 మంది సభ్యులు, రోజుకు 2 పూటలు, 10 రోజుల బిల్లు అయితే 1200 వరుసలు కావాలి. ధరల పట్టిక వేరే షీట్‌లో ఉంటే దాన్ని పూర్తిగా ప్రొటెక్ట్ చేయండి. ఆ షీట్‌నే ఎవరూ తొలగించకుండా ప్రొటెక్ట్ వర్క్‌బుక్ కూడా వాడండి.

తెరిచిన సెల్స్‌లోనూ తప్పు అంకె పడవచ్చు. 6.5 కొట్టబోయి 65 కొడితే ఫార్ములా దాన్నీ నమ్ముతుంది. డేటా ట్యాబ్‌లోని డేటా వ్యాలిడేషన్‌తో, మీ దగ్గర మామూలుగా వచ్చే ఫ్యాట్ హద్దులను కింద ఇంత, పైన ఇంత అని పెడితే, దాటిన అంకెను ఎక్సెల్ అప్పుడే తిప్పికొడుతుంది. అయితే ఈ తనిఖీ టైపు చేసిన అంకెలకే. వేరేచోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చేసినదాన్ని అది పట్టుకోదు. పైగా లాక్డ్ గుర్తున్న సెల్‌ను కాపీ చేసి తెరిచిన సెల్‌లో పేస్ట్ చేస్తే, అంకెతో పాటు ఆ గుర్తు కూడా వచ్చి చేరుతుంది. మరునాడు ఆ సెల్ ఎందుకు తెరుచుకోవడం లేదో ఎవరికీ అంతుపట్టదు. పేస్ట్ చేయక తప్పకపోతే పేస్ట్ స్పెషల్‌లో వ్యాల్యూస్ మాత్రమే ఎంచుకోవాలని ఇద్దరికీ చెప్పండి.

నమోదు చేసే మనిషి మొత్తం సెల్‌లో ఆ అంకెను చేత్తో ఎందుకు కొట్టారో కూడా అడిగి తెలుసుకోండి. ధరల పట్టికలో లేని ఫ్యాట్ వచ్చి, ధర బదులు ఎర్రర్ గుర్తు చూపితే, ఎదురుగా రైతు నిలబడి ఉండగా చేతి లెక్క వేసి ఉండవచ్చు. రక్షణ పెట్టాక ఆ దారి మూసుకుపోతుంది, ఇబ్బంది మాత్రం మిగులుతుంది. అందుకని పక్కన ‘గమనిక’ అనే నిలువు వరుసను తెరిచి ఉంచండి. బిల్లు వేసే ముందు మీరు దాన్ని చదివి సరిచేయవచ్చు. రైతు కష్టార్జితం విషయంలో ఈ వరుస తాళమంత అవసరమని నా అభిప్రాయం.

షీట్‌కు పెట్టే పాస్‌వర్డ్ పొరపాట్లను ఆపుతుంది గానీ, కావాలని మార్చదలచిన వారిని ఆపలేదు. దాన్ని తొలగించే పద్ధతులు ఉన్నాయి. ఫైలునే ఎవరూ తెరవకూడదనుకుంటే ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్ మీదుగా వెళ్లి ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ ఎంచుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు కాబట్టి, కాగితం మీద రాసి బాధ్యులైన మరొకరి దగ్గర కూడా ఉంచండి.

ప్రశ్న: ఇదే పని గూగుల్ షీట్స్‌లో ఎలా చేయాలి?

జవాబు: అక్కడ ఎడిట్ చేసే అనుమతి ఉన్నవారికి మొదట అన్ని సెల్స్ తెరిచే ఉంటాయి. డేటా మెనూలో ‘ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్’ ద్వారా ఫార్ములాలున్న భాగాన్ని ఎంచుకొని, దాన్ని ఎవరెవరు మార్చవచ్చో నిర్ణయించాలి. ఇక్కడ పాస్‌వర్డ్ ఉండదు, గూగుల్ ఖాతానే ఆధారం. ఒక సెల్ మీద కుడి క్లిక్ చేసి ‘షో ఎడిట్ హిస్టరీ’ చూస్తే దాన్ని ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. అయితే రెండు పూటలవారూ ఒకే ఖాతాతో పనిచేస్తుంటే అక్కడ కనిపించేది ఒకే పేరు. అందుకే ముందుగా ఎవరి ఖాతా వారికి ఏర్పాటు చేయండి.