షియామెన్ పోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, తాడిపత్రి నుంచి మామ దీవించి రాయునది.

చైనాలోని షియామెన్‌లో రాళ్లు కోసే మిషన్ల కంపెనీలో నీకు ఉద్యోగమొచ్చిందని మా అక్క, అదే మీ అమ్మ, చెప్పింది. సంతోషం పట్టలేక బజారులో కనపడినోళ్లందరికీ చెప్పినా. రాత్రి పండుకున్నాక భయమేసింది. నీ నోరు నాకు తెలుసు గదరా.

మందులు, చింతపండు మీ అమ్మ చూసుకుంటాది. హోటల్లో కాకుండా యాడ దిగినా 24 గంటల్లోపల పోలీసులకాడ పేరు రాయించు. హోటలైతే వాళ్లే రాయిస్తారు.

అసలు సంగతికొస్తా. కమ్యూనిస్టులంటే నీకు మీ తాత చెప్పిన కతలే. 1952 ఎన్నికల్లో మన కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి కాంగ్రెస్ నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఓడించింది నిజమే. వాళ్లిద్దరూ బావాబామ్మర్దులు కూడా, అది వేరే కత. అయితే అట్ల గెలవాలంటే పోటీ పడను ఇంకో పార్టీ ఉండాల, జైల్లో ఉన్నోడి నామినేషన్ కూడా తీసుకునే ఆఫీసుండాల. మనకాడ ఎర్రజెండా కలెక్టరేట్ బయట, ధర్నా టెంటు కింద ఉంటాది. అక్కడ లోపలుంటాది. ఇంకా ఎనిమిది చిన్న పార్టీలుండాయి గానీ, కమ్యూనిస్టు పార్టీ పెత్తనం ఒప్పుకున్నాకే వాటికి చోటు. ప్రతి మార్చిలో బీజింగ్‌లో వాళ్ల పార్లమెంటుకు దగ్గర దగ్గర 3000 మంది ప్రతినిధులు కూడతారు. అధ్యక్షుడు వరసగా రెండుసార్లకు మించి ఉండగూడదన్న నిబంధన 2018లో తీసేసినప్పుడు, కాదని పడినవి రెండే ఓట్లు. సైన్యం కూడా పార్టీ మాటే వింటాది.

ఇంగ కుర్చీల సంగతి. రాష్ట్రానికి గవర్నరుంటాడు, పార్టీ కార్యదర్శి ఉంటాడు. ఊరికి మేయరుంటాడు, పార్టీ కార్యదర్శి ఉంటాడు. యూనివర్సిటీలో, ప్రభుత్వ కంపెనీలో కూడా ఇంతే. పైచేయి కార్యదర్శిదే. ఇది తెలియకనే మా భాగస్తుడు మునిగినాడు.

చానా ఏండ్ల కిందట పాలిష్ మిషన్లు కొనను ఇద్దరం మీ షియామెన్ ఉండే ఫుజియన్ రాష్ట్రంలోనే ఒక చిన్న ఊరికి పోయినాం. విందిచ్చినారు. మావాడు మేయర్ పక్కన నిలబడి ఫోటో దిగి, షాపులో ఫ్రేము కట్టించి పెడతానన్నాడు. మన మున్సిపల్ చైర్మన్‌తో దోస్తీ అయితే పని అయినట్లే గదా, అదే లెక్క. అయితే తలుపుకెదురుగా, నడి కుర్చీలో కూర్చున్నది మేయర్ కాదు, ముదురు నీలం కోటాయన ఇంకొకడు. గ్లాసెత్తే ముందు మేయర్ ఆయన మొగం చూసినాడు. ఎవరని దుబాసీ పిల్లనడిగితే పార్టీ కార్యదర్శి అనింది. మావాడికి చెప్పినా. "పార్టీవాళ్లకు మిషన్లతో ఏం పని?" అని కొట్టిపారేసి అడ్వాన్సు కట్టినాడు. ఆ కార్యదర్శి బదిలీ అయిపోయినాడు. కొత్తగా వచ్చినాయన రాతిదుమ్ము మీద పడినాడు. ఆయన పైకి పోవాలంటే ఊరోళ్ల ఓట్లతో పని లేదు, పై కమిటీ మెచ్చుకుంటే చాలు. చిన్న ఫ్యాక్టరీలు వరసగా మూతపడినాయి, మా మిషన్లు తయారయ్యే షెడ్డుతో సహా. మేయర్ మాత్రం అదే మేయర్, అదే నవ్వు. అడ్వాన్సు రాబట్టుకునేలోగా మావాడి నెత్తి నెరిసింది. అందుకే చెప్తాండా, కంపెనీ తరఫున యాడికి పోయినా ముందు కార్యదర్శి ఎవరు, ఎప్పుడొచ్చినాడు అని అడుగు.

అక్కడి జనం నోరు లేనోళ్లనుకోవద్దు. ఇండ్ల ధరల మీద, ఊరి అధికార్ల మీద బాగా తిట్టుకుంటారు. మన సోమవారం గ్రీవెన్స్ మాదిరి అర్జీలు తీసుకునే ఆఫీసులు కూడా ఉండాయి. ఒక్కడు గొణుక్కుంటే చానావరకు చూసీచూడనట్లు పోతారు. పదిమంది కూడితేనే ఊరుకోరు. ఆ షెడ్డులో ఒక పనోడు ఫోన్లో బిడ్డ ఫోటో చూపించినాడు. పాప పల్లెలో అవ్వకాడ ఉండాదంట. 1958 నుంచీ వాళ్లకు ఏ ఊరోళ్లకు ఆ ఊరి పేరు మీదే ఇంటి రిజిస్ట్రేషన్ ఉంది. పట్నంలో పని చేసుకోవచ్చు గానీ, బిడ్డను అక్కడ బడిలో చేర్చడం కష్టం. మన కదిరోళ్లు బెంగుళూరు పోతే పిల్లోళ్లకు ఈ తిప్పలు లేవు. అట్లాంటోళ్లతో నెమ్మదిగా మాట్లాడరా, గొప్పలు పోవద్దు.

తైవాన్, టిబెట్ గురించి, 1989లో బీజింగ్ తియానన్‌మెన్ కాడ ఉద్యమాన్ని సైన్యం అణిచిన సంగతి గురించి ఆఫీసులో నోరెత్తితే చెవులు మెలేస్తా. నిన్నయితే విమానం టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేయొచ్చు. నీ పక్కన కూర్చుని విన్నోడు యాడికి పోతాడు?

వాట్సాప్ అక్కడ పనిచేయదు. మీ అమ్మ ఫోన్లో వీచాట్ వేసిపో. మన మాటలు ఎవరన్నా వింటారేమో అని అక్క అడిగింది. వింటే వినుకోనీలే, మీ అమ్మ చెప్పే చుట్టాల గొడవలు అర్థం చేసుకునేలోగా వాళ్లకు రిటైర్మెంట్ వస్తాదని చెప్పినా.

మీ మామ