రాత్రి తికమక: వయసు కన్నా ముందు కాలేయాన్ని చూడండి

సిర్రోసిస్ (కాలేయం దెబ్బతిని గట్టిపడే జబ్బు) ఉన్న మీ బాపు గారు పగలంతా నిద్రపోయి, రాత్రి మేలుకొని మనుమల పేర్లు తడబడుతున్నారని, ఇది వయసు మతిమరుపేనా అని అడిగారు. నా అనుమానం మాత్రం కాలేయం మీదే. పేగుల్లో పుట్టే అమ్మోనియాను ఆరోగ్యమైన కాలేయం యూరియాగా మారుస్తుంది. కాలేయం దెబ్బతిన్నప్పుడు ఆ అమ్మోనియా రక్తంతో మెదడుకు చేరి సరిగ్గా ఇలాంటి తికమకనే తెస్తుంది, అయితే చికిత్సతో ఇది చాలావరకు తగ్గుతుంది. చేతులు ముందుకు చాచి, ఎవరినో ఆపుతున్నట్టు అరచేతులు నిలబెట్టమనండి. మణికట్లు ఉండుండి జారిపోతుంటే అనుమానం బలపడుతుంది. జారకపోయినా సరే, హనుమకొండలోనే ఉన్నారు కనుక రేపే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించండి. మలబద్ధకం ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే పేగుల్లోని అమ్మోనియా బయటికి పోయేలా లాక్టులోజ్ సిరప్‌తో రోజుకు 2, 3 సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా చూడడమే ఇందులో మొదటి వైద్యం. నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వకండి. పప్పు, పెరుగు లాంటి మాంసకృత్తులున్న తిండి మాన్పించకండి. అమ్మోనియాను కొంత కండరాలు కూడా తొలగిస్తాయి కాబట్టి కండ తగ్గితే ఇంకా నష్టం. రక్తపు వాంతి, నల్లటి విరేచనం, లేపినా లేవకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.