మైకు చేతికొచ్చాక ఏం అడుగుతారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సాహిత్య ఉత్సవాల గురించే. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, అది అయ్యీ అవకముందే విజయవాడ పుస్తక మహోత్సవం, జనవరి చివర్లో హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్... మనకిది సీజన్ కదా. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఈ పేజీ మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా, కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్‌కి వెళ్లాలని ఫ్రెండ్స్ నలుగురం అనుకుంటున్నాం. టికెట్ ఎంత ఉంటుంది? అంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారట, మాకు అర్థం కాకపోతే ఎలా? – డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

టికెట్ లేదమ్మా, ఎవరైనా వెళ్లొచ్చు. వర్క్‌షాపుల్లాంటి వాటికి మాత్రం ముందుగా పేరు ఇవ్వాల్సి రావొచ్చు, అది చూసుకోండి. 2010లో మొదలైన ఈ ఉత్సవం ఒక్కచోటే కుదురుగా ఉండలేదు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో జరిగింది, సైఫాబాద్ విద్యారణ్య స్కూల్లో జరిగింది, రాయదుర్గం వైపు నాలెడ్జ్ సిటీలోనూ జరిగింది. కాబట్టి బయల్దేరే ముందు ఈ ఏడాది ఎక్కడో కనుక్కోండి. నాలెడ్జ్ సిటీలోనే అయితే మీకు సులువే, సికింద్రాబాద్‌లో రైలు దిగి మెట్రో ఎక్కితే ఆ లైను చివరి స్టేషన్ రాయదుర్గమే.

ఇంగ్లిష్ ఎక్కువన్న మాట నిజమే, దాచడమెందుకు. కానీ ప్రతి ఏడాదీ ఒక విదేశాన్ని అతిథిగా పిలుస్తారు, ఒక భారతీయ భాషకి పెద్దపీట వేస్తారు. 2024లో నార్వే, ఒడియా. 2025లో లిథువేనియా, సింధీ. పక్క రాష్ట్రమే అయినా ఒడియా కథకుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి? అలాంటివాళ్లని ఎదురుగా కూర్చుని వినే అవకాశం ఊరికే రాదు. తెలుగు సెషన్లూ ఉంటాయి. ఇంకో సంగతి, ఉపన్యాసం కంటే సంభాషణ అర్థం చేసుకోవడం తేలిక. ప్రశ్న అర్థమైతే జవాబులో సగం అర్థమైనట్టే.

ఒకే సమయంలో మూడు నాలుగు చోట్ల కార్యక్రమాలు నడుస్తుంటాయి, అన్నీ చూడాలని పరిగెత్తితే ఏదీ మిగలదు. రోజుకి ఇద్దరు రచయితల్ని ఎంచుకుని, వాళ్లది ఒక్క కథైనా చదివి వెళ్లండి.

ప్రశ్న: మా దగ్గర్లో జరిగిన ఒక సాహిత్య ఉత్సవంలో ‘రచయిత్రితో ముఖాముఖి’ అని వేశారు. పదకొండింటికి అన్నది పన్నెండు దాటాక మొదలైంది. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, నలుగురు పెద్దలు మాట్లాడారు. ఆవిడకి దక్కింది పావుగంట, అందులోనూ పక్కన కూర్చున్నాయన తనకీ ఆవిడకీ ఎప్పట్నుంచి పరిచయమో చెప్పుకుంటూ పోయాడు. దీన్ని ముఖాముఖి అంటారా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, మీరు చూసింది సన్మాన సభ. బ్యానరు మీద మాత్రమే ముఖాముఖి.

మనకి సభ అంటే ఒక వరస ఉండి తీరాలి. అధ్యక్షులు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఇంతమందిని వేదిక మీదికి పిలిచాక ఒక్కొక్కళ్లకీ ‘రెండు నిమిషాలు’ మైకు ఇవ్వకపోతే అలుగుతారు, ఆ రెండు నిమిషాలు ఎప్పుడు రెండు నిమిషాలయ్యాయి గనక? చివరికి మిగిలే పావుగంటలో రచయిత మాట్లాడాలి, వందన సమర్పణ జరగాలి, ఈలోపు వెనకాల భోజనాల గిన్నెల చప్పుడు. నిర్వాహకుల మనసు చెడ్డదని కాదు, గౌరవించడమంటే పొగడటమే అనుకుంటున్నారు, అక్కడే వచ్చింది చిక్కు. రాసినవాళ్లని గౌరవించడమంటే వాళ్ల పుస్తకం చదివి వచ్చి ప్రశ్న అడగడం. శాలువా ఇంటికెళ్లాక బీరువాలోకి పోతుంది, మంచి ప్రశ్నని మాత్రం ఏ రచయితా మర్చిపోడు.

అసలు ముఖాముఖికి రెండు కుర్చీలు చాలు. ఒకదాంట్లో రాసినవాళ్లు, రెండోదాంట్లో చదివినవాళ్లు. గంట సమయం ఉంటే ముప్పావుగంట వాళ్లిద్దరి మధ్య, పావుగంట జనానికి. పరిచయం నాలుగు వాక్యాలు. అవార్డుల జాబితా కరపత్రంలో వేసేస్తే పోయె. రెండో కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది, కానీ మన దగ్గర ఆ కుర్చీ ఊళ్లో పలుకుబడి ఉన్నాయనకి వెళ్తుంది, పుస్తకం చదివిన ఇంటర్ లెక్చరర్ ఐదో వరసలో కూర్చుని ఉంటుంది.

చదవకుండా వచ్చినవాళ్లని మొదటి ప్రశ్నకే పట్టేయొచ్చు. ‘మీ సాహితీ ప్రస్థానం గురించి చెప్పండి’ అంటారు. ‘ఈనాటి యువతకి మీరిచ్చే సందేశం?’ అంటారు. ఈ రెండూ ఎవర్నైనా అడగొచ్చు, పేరు మారిస్తే చాలు. చదివినవాళ్ల ప్రశ్నకి ఊరూ పేరూ ఉంటాయి. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ తీసుకోండి, చివర్లో సీతారాముడు కన్నకొడుకునే చంపేస్తాడు. ఆ ముగింపు అలా ఉండాలా, ఆ తండ్రి అంత పని చేస్తాడా అని మన పాఠకులు, విమర్శకులు అర్ధశతాబ్దంగా వాదించుకుంటూనే ఉన్నారు. ‘ఆ తండ్రి చేత ఆ పని ఎందుకు చేయించారు’ అని అడిగితే అది ప్రశ్న. ‘కథ ఎలా రాస్తారు సార్’ అని అడిగితే అది కాలక్షేపం.

సాహిత్య అకాడెమీ వాళ్ల ‘మీట్ ది ఆథర్’ ఎప్పుడైనా మీకు దగ్గర్లో పెడితే వెళ్లి చూడండి. అక్కడ రచయిత తన రాతల గురించి తనే మాట్లాడతారు, తర్వాత సభలోంచి ప్రశ్నలు. కథకులైతే ‘కథాసంధి’, కవులైతే ‘కవిసంధి’. కొన్నిసార్లు మరీ ఆఫీసు పద్ధతిలో నడుస్తాయనుకోండి, అయినా మాట్లాడాల్సిన మనిషికి మైకు దక్కుతుంది, అదే పదివేలు.

అన్నట్టు ప్రశ్నలడగడం మనకి కొత్తేం కాదు. అష్టావధానమంటే ఏంటి మరి? ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క కవిని చుట్టుముట్టి అడగడమే కదా. అక్కడ ప్రతి పృచ్ఛకుడూ ఇంటి దగ్గర తయారై వస్తాడు. పూరించమని ఒక పద్యపాదాన్ని సమస్యగా ఇచ్చేవాడు ముందే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు, దత్తపది ఇచ్చేవాడు కవి తన పద్యంలో ఇమడ్చాల్సిన ఆ నాలుగు మాటలూ ఏరికోరి తెస్తాడు. ఇప్పటి మన సభల్లో ఆ ఎనిమిదిమందిలోంచి, సంబంధం లేని మాటలతో కవి దృష్టి మళ్లించే అప్రస్తుత ప్రసంగం ఆయన ఒక్కడే మిగిలాడని నా అనుమానం.

ప్రశ్న: మైకు అందగానే గుండె దడ, నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇంగ్లిష్ రచయితని తెలుగులో అడిగితే నవ్వుతారా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

నవ్వితే నవ్వనివ్వండి, పక్కనున్నవాళ్లు అనువాదం చేస్తారు. కాకపోతే ఒక్కటి, తెలుగులో అడిగినా ఇంగ్లిష్‌లో అడిగినా ప్రశ్న రెండు వాక్యాలు దాటకూడదు. మనవాళ్లకి మైకు దొరికితే ‘నేను 1985 నుంచి సాహిత్యాభిమానిని’ దగ్గర మొదలుపెడతారు, అక్కణ్ణుంచి సమాజం, విలువలు, సెల్‌ఫోన్లు, పిల్లలు తెలుగు చదవకపోవడం, ఐదు నిమిషాలయ్యాక ‘దీనిపై మీ అభిప్రాయం?’ అంటారు. దేనిపై?

మీ టెన్షన్‌కి నాకు తెలిసిన మందు కాగితమే. సెషన్ నడుస్తుండగానే ప్రశ్నని రాసుకోండి, లేచి నిలబడి ఉన్నదున్నట్టు చదివేయండి, కూర్చోండి. చదివి అడిగితే తక్కువతనమేమీ లేదు. ప్రశ్నలో ఆ పుస్తకంలోని మనిషి పేరో, ఒక సంఘటనో ఉండేలా చూసుకుంటే రచయిత కళ్లు మీ వైపు తిరుగుతాయి, అప్పుడు దడ దానంతటదే పోతుంది. చేతులు చాలా లేస్తాయి గనక నడిదారి పక్క సీటు పట్టుకోండి, మైకు పట్టుకుని తిరిగే వలంటీరుకి మీరు కనబడాలి.

ప్రశ్న: ఒక రచయిత్రిని ‘ఈ కథలో భర్త మీ ఆయనేనా?’ అని అడిగాను. హాలంతా నవ్వింది, ఆవిడ మాత్రం మొహం మాడ్చుకున్నారు. పాఠకుడికి తెలుసుకోవాలని ఉండదా? – సిద్దిపేట పాఠకుడు

ఉంటుంది బాబూ, ఎందుకుండదు. కానీ హత్య కథ రాసిన మగాయన్ని ‘మీరెవర్నైనా చంపారా’ అని అడిగారా ఎప్పుడైనా? ఆడవాళ్లు ఏం రాసినా వాళ్ల వంటింట్లోంచో పడగ్గదిలోంచో తెచ్చారనుకోవడం మన పాత జబ్బు. ఆవిడ ఊహించగలదని, కల్పించగలదని ఒప్పుకోవడానికి మనకి మనసు రాదు. పైగా నిజంగానే వాళ్లాయనే అనుకోండి, నూటయాభైమంది ముందు ఆవిడ అవునంటే ఇంటికెళ్లాక ఏం కావాలి?

జీవితానికీ కథకీ ఉన్న సంబంధం గురించి అడగొద్దని కాదు. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు. ‘ఆరు సారా కథలు’ నిండా సారా కేసులు, పోలీసులు, కోర్టులు. ఆయన్ని పట్టుకుని ‘ఇవి మీ క్లయింట్లేనా’ అంటే అవుననో కాదనో ఒక్క ముక్కతో తేలిపోతుంది. ‘రోజూ కోర్టులో వింటున్న ఆ మాటతీరుని కాగితం మీద పెట్టేటప్పుడు ఏం వదిలేశారు, ఏం ఉంచారు’ అంటే మాత్రం ఆ జవాబు వినడానికి ఎంత దూరమైనా వెళ్లొచ్చు. మీ రచయిత్రిని కూడా ‘ఆ భర్త పాత్ర ఒక్కసారి కూడా గొంతు పెంచడు, అయినా అతనంటే భయమేస్తుంది, అదెలా చేశారు’ లాంటిది అడిగి ఉంటే (నేను ఊహించి చెబుతున్నా, కథ పేరు మీరు రాయలేదు), మొహం మాడ్చుకునేవారు కాదు.

ప్రశ్న: నా మొదటి కథల సంపుటి వచ్చింది. ఒక ఉత్సవంలో సంభాషణకి పిలిచారు. డబ్బుల విషయం అడగొచ్చా? స్టేజీ మీద ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – రచయిత్రి, అనంతపురం

అడగాలి, అదీ ముందే. రానూపోనూ ఖర్చులు ఎవరివి, బస ఎక్కడ, గౌరవ పారితోషికం ఉందా లేదా, మీ పుస్తకాలు అక్కడ అమ్మకానికి ఎవరు పెడతారు, ఈ నాలుగూ మెసేజ్‌లో రాయించుకోండి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడేది మనమే. టెంట్‌హౌస్ వాడు మొహమాటపడడు, మైకుసెట్టు వాడు పడడు, వాళ్లకి అడ్వాన్సు కూడా ముడుతుంది.

మీతో మాట్లాడేవాళ్లెవరో కనుక్కుని వారం ముందు ఫోన్ చేయండి. పుస్తకం వాళ్లకి అందిందా, ఏ కథల గురించి మాట్లాడదామనుకుంటున్నారు అని అడగండి. ప్రశ్నలన్నీ ముందే చెప్పించుకోకండి, అప్పజెప్పినట్టుంటుంది. సంపుటిలోంచి రెండు నిమిషాల్లో చదవగల ముక్క ఒకటి ఎంచుకుని, ఇంట్లో పైకి చదివి చూసుకోండి. మీ సీమ మాట మీ సీమ మాటలాగే పలకండి, స్టేజీ కదా అని పేపరు భాషలోకి దిగొద్దు. నచ్చని ప్రశ్న వస్తే ‘దీనికి జవాబు చెప్పను’ అని నవ్వుతూ అనేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: రచయితతో సెల్ఫీ దిగడం చీప్‌గా ఉంటుందా? – విజయనగరం

ఉండదు, పుస్తకం కొన్నాక దిగండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఇలాంటివి మాకెక్కడ దొరుకుతాయి? – ఒక గృహిణి

మీ ఊళ్లోనే ఉన్నాయి! టాంటెక్స్ (ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం) వాళ్లు ‘నెల నెలా తెలుగు వెన్నెల’ అని ప్రతి నెలా నడుపుతున్నారు, ఒకసారి వెళ్లి చూడండి. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ పద్ధతి నాకింకా నచ్చుతుంది, పుస్తకం అనుకుని, అందరూ చదివి వచ్చి మాట్లాడుకుంటారు. మీ అపార్ట్‌మెంట్లో ఐదుగురు చదివేవాళ్లుంటే అలాంటిది మీరే మొదలుపెట్టుకోవచ్చు, ఇక్కడి రచయితని వీడియో కాల్‌లోకి పిలవొచ్చు. ఒక్క మాట, మీకు సాయంత్రం ఏడైతే మాకు తెల్లారుతుంది, ఆ టైముకి ఒప్పుకున్న రచయితకి రుణపడి ఉండండి.

ప్రశ్న: వచ్చే ఉత్సవంలో నా కవితల రాతప్రతిని ఒక పెద్ద కవి చేతిలో పెట్టి అభిప్రాయం అడుగుదామనుకుంటున్నాను. సరైన పద్ధతేనా? – యువకవి, కరీంనగర్

వద్దు నాయనా. ఆ కవి చేతిలో అప్పటికే మూడు పుస్తకాలు, శాలువా, మెమెంటో, పూలగుత్తి ఉంటాయి, రాత్రి బస్సుకి టైమవుతుంటుంది. మీ రాతప్రతి హోటల్ గదిలో మిగిలిపోతుంది. ఒక్క కవిత, ఒక్క పేజీ, కింద మీ ఫోన్ నంబరు, దాన్ని మడిచి ఆయన పుస్తకం మీద సంతకం చేయించుకునేటప్పుడు ఇవ్వండి. అందుకోసమైనా ఆయన పుస్తకం ఒకటి కొనాల్సి వస్తుంది మరి.